బరువు తగ్గించే శస్త్రచికిత్స: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఈ ఆపరేషన్‌లో పొట్టలోని కొవ్వును తీసేస్తారు.

వాస్తవం: కొవ్వును సర్జన్లమైన మేము తొలగించము. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో దాదాపు నాలుగింట మూడు వంతులు తీసివేసి, మిగిలిన భాగాన్ని సన్నని గొట్టంలా ఉంచుతాము. బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిగా వేరుచేసి, దాన్ని నేరుగా చిన్నప్రేగుకు కలుపుతాము.

అపోహ: కడుపు చిన్నదవుతుంది, తినలేరు, అందుకే బరువు తగ్గుతారు.

వాస్తవం: శిక్షణలో ఉన్నప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. పుండ్ల కోసం జీర్ణాశయంలో కొంత భాగం తీసివేయించుకున్న స్త్రీలు తిరిగి బరువు పెరగలేకపోవడాన్ని గమనించి, అయోవా విశ్వవిద్యాలయ సర్జన్ ఎడ్వర్డ్ మేసన్ 1960ల్లో గ్యాస్ట్రిక్ బైపాస్‌కు రూపం ఇచ్చినప్పుడు కూడా ప్రధానమైన ఆలోచన అదే. కానీ ఆకలిని పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను 1999లో వెలుగులోకి వచ్చింది. అది ఎక్కువగా తయారయ్యేది స్లీవ్‌లో మేము తొలగించే పైభాగంలోనే. బైపాస్ తరువాత ఆహారం చిన్నప్రేగును త్వరగా చేరడం వల్ల ఇన్సులిన్‌ను పెంచి ఆకలిని తగ్గించే జీఎల్‌పీ-1 వంటి ప్రేగు హార్మోన్లు పెరుగుతాయి, కొందరు మధుమేహ రోగులలో బరువు చెప్పుకోదగినంత తగ్గకముందే, కొద్ది రోజుల్లోనే, రక్తంలో చక్కెర దిగివస్తుంది. ఆ మార్పును రోగి పడక పక్కన నిలబడి చూసినవారెవరూ దీన్ని కేవలం కడుపు పరిమాణానికి సంబంధించిన చికిత్స అనలేరు.

అపోహ: నోరు కట్టుకోలేనివారే దీన్ని ఆశ్రయిస్తారు.

వాస్తవం: ఈ మాట రోగులను ఎంతగా గాయపరుస్తుందో నా గదిలో రోజూ చూస్తాను. తిండి తగ్గించి బరువు తగ్గిన శరీరం ఆకలిని పెంచి, శక్తి ఖర్చును తగ్గించి, పోయిన బరువును తిరిగి తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తుంది. అది శరీరధర్మమే తప్ప వ్యక్తి బలహీనత కాదు.

అపోహ: బోధనాసుపత్రుల సర్జన్లు పరిశోధన పత్రాలు రాస్తారు, చేతి నైపుణ్యం మరొకచోట వెతుక్కోవాలి.

వాస్తవం: చేతి నైపుణ్యాన్ని కొలిచి చూపింది పరిశోధనే. మిచిగన్ రాష్ట్రంలో 20 మంది బేరియాట్రిక్ (బరువు తగ్గించే శస్త్రచికిత్స చేసే) సర్జన్లు తమ బైపాస్ ఆపరేషన్ వీడియోలను ఇవ్వగా, చేసింది ఎవరో తెలియకుండా తోటి సర్జన్లు వాటికి మార్కులు వేశారు. 2013లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, నైపుణ్యంలో అట్టడుగు పావువంతులో ఉన్నవారి రోగులలో 14.5 శాతం మందికి సమస్యలు తలెత్తగా, అగ్ర పావువంతులో ఉన్నవారి రోగులలో ఆ సంఖ్య 5.2 శాతమే. ఆ అధ్యయనం చదివాక నా వీడియోలను నా విద్యార్థుల ముందే పెట్టి చూడటం మొదలుపెట్టాను. ఎక్కడ అనవసరంగా కణజాలాన్ని లాగానో వాళ్లు చెబుతారు. అది వినడం సులభం కాదు, కానీ మరుసటి ఆపరేషన్‌లో నా చేయి అక్కడ నెమ్మదిస్తుంది.

అపోహ: ప్రాణాపాయం చాలా ఎక్కువ.

వాస్తవం: అమెరికాలో అనేక కేంద్రాలు కలిసి చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో 30 రోజుల్లోపు మరణాలు 0.3 శాతం. అయితే కుట్టు దగ్గర లీకు అయితే ఆలస్యం పనికిరాదు. కడుపునొప్పి కంటే ముందు నాడి వేగమే దాన్ని పట్టించవచ్చు కాబట్టి, ఆపరేషన్ తరువాత నాడి వేగంగా కొట్టుకుంటున్న రోగిని తేలికగా తీసుకోవద్దని శిక్షణార్థులకు పదేపదే చెబుతాను.

అపోహ: బరువు తగ్గాక డాక్టరుతో పని లేదు.

వాస్తవం: నన్ను అన్నిటికంటే కలవరపెట్టే అపోహ ఇది. బి12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం గమనించుకోవాలి. గర్భం కనీసం 12 నుంచి 18 నెలలు వాయిదా వేయడం మంచిది. స్లీవ్ తరువాత కొందరిలో ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం మొదలవుతుంది, లేదా ముదురుతుంది. ఆపరేషన్ అయిన తరువాత రోజుల తరబడి వాంతులు ఆగకపోతే ఇంట్లో ఓర్చుకుంటూ కూర్చోకూడదు. దానివల్ల వచ్చే థయమిన్ (విటమిన్ బి1) లోపం మెదడునే దెబ్బతీయగలదు. అందుకే అలాంటి రోగికి గ్లూకోజు ఎక్కించే ముందు థయమిన్ ఇవ్వాలి, తనకు ఈ ఆపరేషన్ జరిగిందని రోగి కూడా ఏ ఆసుపత్రికి వెళ్లినా మొట్టమొదట చెప్పాలి.