ఏసీ చల్లబడకపోతే గ్యాస్ అయిపోయినట్టేనా? అపోహలు, వాస్తవాలు

మార్చి చివరి వారం వచ్చిందంటే నా ఫోన్‌కి ఒకటే రకం కాల్స్. "బాబూ, ఏసీలో గ్యాస్ అయిపోయినట్టుంది, ఓసారి వచ్చి ఎక్కించెయ్యి." జబ్బు పేరూ, మందు పేరూ రెండూ వాళ్లే చెప్పేస్తారు. శ్రీకాకుళం, ఆమదాలవలస, నరసన్నపేట చుట్టుపక్కల పదహారేళ్లుగా ఏసీలు బాగుచేస్తున్నాను. చల్లదనం తగ్గిందని పిలిచిన చాలా ఇళ్లలో గ్యాస్ ఉండాల్సినంతే ఉంటుంది. తప్పు ఇంకెక్కడో ఉంటుంది. అది చూడకుండా గ్యాస్ ఎక్కించడం వల్ల డబ్బు పోవడమే కాదు, బాగున్న మిషన్ కూడా పాడవుతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఏసీలో గ్యాస్ ఏటా కొంచెం కొంచెం అయిపోతుంది. రెండేళ్లకోసారైనా వేయించాలి.

బండిలో పెట్రోలు ఖర్చవుతుంది. ఏసీలో గ్యాస్ ఖర్చు కాదు. అది మూసిన రాగి గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. ఇండోర్ కాయిల్‌లో ఆవిరై గదిలోని వేడిని పీల్చుకుంటుంది, అవుట్‌డోర్‌లో మళ్లీ ద్రవంగా మారి ఆ వేడిని బయట వదిలేస్తుంది. మీ ఇంట్లో ఫ్రిజ్ కూడా ఇలాగే పనిచేస్తుంది. దానికి పదేళ్లయినా గ్యాస్ వేయించరు కదా! ఏసీలో గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. ఆ చోటు పట్టుకోకుండా మళ్లీ నింపితే, చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే.

శ్రీకాకుళంలో ఒక రిటైర్డ్ మాస్టారింట్లో మూడు వేసవుల్లో మూడుసార్లు గ్యాస్ వేశారు. నాలుగో ఏడు నన్ను పిలిచారు. "ఈ ఏడు కూడా ఎక్కించాలేటి బాబూ?" అని అడిగారు. "ఉండండి మాస్టారూ, ముందు ఎక్కడ పోతోందో చూద్దాం" అన్నాను. ఇండోర్‌ని కింద నుంచి కొంచెం ముందుకు లేపి, వెనక పైపుల మీద చుట్టిన టేపు విప్పాను. లావు పైపు నట్టు చుట్టూ నల్లటి జిడ్డు, దాని మీద దుమ్ము అంటుకుని ఉంగరంలా ఉంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా కాస్త తిరుగుతూ ఉంటుంది. గ్యాస్ కారేచోట ఆ ఆయిల్ మరక పడుతుంది. సబ్బు నురగ రాసి చూశాను. అర నిమిషం ఏమీ లేదు. తర్వాత ఆవగింజంత బుడగలు ఒకదాని పక్కన ఒకటి లేచాయి. నట్టు విప్పితే, పైపు చివర గంట ఆకారంలో విప్పిన ఫ్లేర్ అంచు మీద వెంట్రుక వాసి చీలిక కనిపించింది. బిగించినప్పుడు మరీ బలంగా తిప్పేశారు. కారకూడదని గట్టిగా బిగించడమే కారడానికి కారణమైంది.

ఆ ముక్క కోసేసి, అంచు నున్నగా చేసి, కొత్త ఫ్లేర్ వేసి, టార్క్ రెంచీతో కొలిచి బిగించాను. లీకు ఇంకా ఉందేమో చూడటానికి నైట్రోజన్ పట్టించి రాత్రంతా ఉంచాను. తెల్లారికి ప్రెషర్ చూపే గేజీ ముల్లు కదల్లేదు. అప్పుడు పైపుల్లోని గాలి, తడి లాగేసే వ్యాక్యూమ్ పంపు పెట్టి 500 మైక్రాన్ల కిందకు, అంటే లోపల గాలి దాదాపు లేనట్టే అయ్యేదాకా దించి, అవుట్‌డోర్ ప్లేట్ మీద రాసినన్ని గ్రాముల గ్యాస్ కాటా మీద తూచి వేశాను. రెండు రోజులు తిరగాల్సి వచ్చింది. గ్యాస్ ఎక్కించి వెళ్లిపోతే ముప్పావు గంటలో అయిపోయేది.

లీకు అన్నిసార్లూ నట్టు దగ్గరే ఉండదు. ఇండోర్ కాయిల్ రాగిలో కంటికి కనపడని సన్నటి సొరంగాలు పడటం కూడా చూస్తుంటాం. కొన్ని జిగుర్లు, క్లీనింగ్ మందుల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి, తడి, గాలి మూడూ కలిసి రాగిని లోపలికి తొలిచేస్తాయి. కోసి మైక్రోస్కోపు కింద పెడితే చీమల పుట్టలో దారుల్లా ఉంటుంది. ఇంగ్లిషులో కూడా దానికి చీమలపుట్ట పేరే పెట్టారు. అలాంటి కాయిల్‌కి ఒకచోట వెల్డింగ్ పెడితే నెల తిరక్కుండా ఇంకోచోట కారుతుంది. కాయిల్ మార్చడమే మార్గం.

నైట్రోజన్ మాట వచ్చింది కాబట్టి గట్టిగా చెప్తున్నాను. లీకు చూడటానికి ఆక్సిజన్ సిలిండర్ ఎవరైనా బిగిస్తుంటే వెంటనే ఆపించండి. లోపల ఆయిల్ ఉంటుంది. ప్రెషర్ మీద ఆక్సిజన్, ఆయిల్ కలిస్తే పేలుతుంది. పని నేర్చుకుంటున్న కుర్రాళ్లూ, ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినకండి.

అపోహ: గేజీ పెడితే జబ్బేంటో తెలిసిపోతుంది.

గేజీ నేను చివర్లో తీస్తాను. ఆర్32 అనే గ్యాస్‌తో నడిచే ఇప్పటి 1.5 టన్నుల ఏసీలో మొత్తం గ్యాస్ చాలా మోడళ్లలో కిలో కూడా ఉండదు. గొట్టం తగిలించి తీసిన ప్రతిసారీ కొన్ని గ్రాములు పోతాయి. పైగా ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం మారినప్పుడల్లా ప్రెషర్ మారుతుంది. ఒక్క అంకె చూసి గ్యాస్ తక్కువ అనడం, ఎక్కించెయ్యడం గుడ్డిగా చేసే పని. గ్యాస్ ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది, ద్రవం తిరిగి కంప్రెసర్‌లోకి పోయి దాన్ని దెబ్బతీస్తుంది.

నేను ముందు అడిగేది ఎప్పుడు చల్లబడట్లేదని. సగం జబ్బు ఆ జవాబులోనే ఉంటుంది. రాత్రి బాగానే ఉండి, మధ్యాహ్నం రెండింటికి చేతులెత్తేస్తే, అవుట్‌డోర్ వేడి వదల్లేకపోతోంది, లేదా గదికి ఎండ వేడి ఎక్కువగా తగులుతోంది. పగలు బాగుండి రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా ఆడకపోతే వోల్టేజ్ చూడాలి. మొదటి గంట చల్లగా ఉండి తర్వాత గాలే రాకపోతే కాయిల్ మీద మంచు కడుతోంది. సర్వీసింగ్ అయిన మర్నాటి నుంచే తేడా వస్తే, ఆ సర్వీసింగ్‌లో ఏదో కదిలింది.

తర్వాత థర్మామీటర్ తీస్తాను. 16లో పెట్టి, ఫ్యాన్ హై చేసి ఇరవై నిమిషాలు నడిపి, గాలి పైన లోపలికి వెళ్లేచోట, కింద బయటకు వచ్చేచోట కొలుస్తాను. పది డిగ్రీలకు అటూ ఇటూ తేడా ఉంటే మిషన్ తన పని తను చేస్తున్నట్టే. మన సముద్రం పక్క ఉక్కపోతలో ఏసీ శక్తిలో చాలా భాగం గాలిలో తేమను నీరుగా మార్చడానికే పోతుంది. అందుకని తేడా ఒకటి రెండు డిగ్రీలు తగ్గినా కంగారు పడక్కర్లేదు.

అపోహ: ఫిల్టర్ వారం వారం కడుగుతున్నాం, కాబట్టి ఇండోర్ శుభ్రంగానే ఉంది.

ఫిల్టర్ దాటిన సన్నటి దుమ్ము బ్లోయర్ మీద పేరుకుంటుంది. చల్లగాలి వచ్చే సందులోంచి సెల్‌ఫోన్ టార్చి వేసి చూడండి. పొడవాటి సిలిండర్ చుట్టూ సన్నటి వంపు రెక్కలు ఉంటాయి. ఆ వంపులో దుమ్ము నిండితే రెక్క చదునైపోతుంది, గాలిని పట్టి తోయలేదు. చప్పుడు అంతే ఉంటుంది, గాలి మాత్రం తగ్గిపోతుంది. గాలి తగ్గితే కాయిల్ మరీ చల్లబడి మంచు కడుతుంది.

మంచు చూడగానే గ్యాస్ అనేవాళ్లకు ఒక గుర్తు చెప్తాను. గ్యాస్ తగ్గితే కాయిల్‌లో గ్యాస్ ప్రవేశించే కొసన, కొంత మేరే మంచు పడుతుంది, మిగతా భాగం పొడిగా, వెచ్చగా ఉంటుంది. గాలి ఆడకపోతే కాయిల్ అంతా కడుతుంది. ఏదైనా సరే, మంచును స్క్రూడ్రైవర్‌తో పొడవకండి. ఫ్యాన్ మోడ్‌లో పెడితే కరిగిపోతుంది.

ఇండోర్ నుంచి నీళ్లు కారడానికి మాత్రం ఎక్కువగా కారణం డ్రెయిన్ పైపులో పట్టిన జిగట పాచి.

అపోహ: అవుట్‌డోర్ ముందు నుంచి చూస్తే శుభ్రంగానే ఉంది.

ముందు కనపడేది ఫ్యాన్ జాలీ. వేడి వదిలే కాయిల్ వెనకా, పక్కనా, గోడ వైపు ఉంటుంది. గాలి అటు నుంచే లోపలికి వస్తుంది, దుమ్ము అక్కడే పడుతుంది. నరసన్నపేట దగ్గర రైస్ మిల్లు పక్కనే ఉన్న ఒక ఇంట్లో అవుట్‌డోర్ వెనక చెయ్యి పెట్టి వేలితో గీస్తే, నల్లటి పొర గొంగళి ముక్కలా ఊడి వచ్చింది. ఊక బూడిద, మంచు తడికి అతుక్కుని పొరలు కట్టింది. అంతకు ముందే ఎవరో వచ్చి గ్యాస్ కూడా వేసి వెళ్లారు. పై మూత విప్పి, లోపలి నుంచి బయటకు మామూలు పైపుతో నీళ్లు కొట్టాను. బయట నుంచి జెట్ పంపుతో కొడితే దుమ్ము ఇంకా లోపలికి దిగుతుంది, రేకులు వంగిపోతాయి. ఎక్కువైన గ్యాస్ తీసి, తూచి సరిచేశాక ఏసీ ఎప్పటిలా అయింది.

కళింగపట్నం, భావనపాడు, అటు పూసపాటిరేగ తీరం ఇళ్లలో దుమ్ము కంటే ఉప్పుగాలి పెద్ద శత్రువు. అల్యూమినియం రేకులు తెల్లటి పొడిగా రాలిపోతాయి. రేకు రాగి గొట్టాన్ని వదిలేశాక ఎంత కడిగినా వేడి బయటకు పోదు. నెలకోసారి స్విచ్ ఆపి, మెయిన్ ఆపి, మంచినీళ్లతో మెల్లగా కడగండి. కొత్తది కొనేటప్పుడు కోటింగ్ ఉన్న కాయిల్ అడగండి. అక్టోబరు తుఫాన్ల ముందు అవుట్‌డోర్ స్టాండు బోల్టులు తుప్పు పట్టాయేమో చూసుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత వేలాడుతున్న అవుట్‌డోర్లు ఎన్నో దింపాను.

అవుట్‌డోర్‌ని అందం కోసం గ్రిల్లు వెనక, సందులో బంధిస్తే, అది వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. నీడ మంచిదే, గాలికి అడ్డు మాత్రం పెట్టకండి.

అపోహ: ఫ్యాన్ తిరుగుతోంది, చల్లదనం లేదు. కంప్రెసర్ పోయినట్టే.

పాత, ఇన్వర్టర్ కాని ఏసీల్లో ముందు కంప్రెసర్ తిరగడానికి ఊతమిచ్చే కెపాసిటర్ చూడాలి. విజయనగరంలో ఒక అమ్మగారికి కంప్రెసర్ మార్చాలని చెప్పి ఎవరో ఎస్టిమేట్ ఇచ్చి వెళ్లారు. ఆవిడ కొత్త ఏసీ కొనేద్దామనే టెన్షన్‌లో ఉన్నారు. కెపాసిటర్ మీద 50 మైక్రోఫారడ్లు అని ఉంది, మీటర్లో 31 చూపించింది. రాసినదానికి ఐదు శాతం మించి తగ్గినా అనుమానించాల్సిందే. అది మార్చగానే కంప్రెసర్ అందుకుంది. కానీ కెపాసిటర్‌ని ఇంట్లో వాళ్లు ముట్టుకోవద్దు. కరెంటు తీసేశాక కూడా అందులో షాక్ కొట్టేంత చార్జ్ నిలిచి ఉంటుంది.

ఇన్వర్టర్ వాటిలో సెన్సార్ కూడా ఇలాగే మోసం చేస్తుంది. గది వేడి చూసే చిన్న పూసలాంటి సెన్సార్ సర్వీసింగ్‌లో క్లిప్పు లోంచి ఊడి చల్లటి కాయిల్‌కి ఆనుకుంటే, గది చల్లబడిపోయిందనుకుని మిషన్ వేగం తగ్గించేస్తుంది. సెన్సార్‌ని దాని చోట పెడితే చాలు, ఖర్చు లేదు. అవుట్‌డోర్‌లోని పీసీబీ, అంటే ఎలక్ట్రానిక్ బోర్డు మీద బల్లులు, చీమలు చేరి షార్టు చేయడం మన వైపు చాలా మామూలు. పెట్టెకున్న సందులు మూయించండి.

అపోహ: ఇన్వర్టర్ ఏసీకి స్టెబిలైజర్ అక్కర్లేదు.

ఎంత వోల్టేజ్ నుంచి ఎంత వరకు తట్టుకుంటుందో మీ మోడల్ పుస్తకంలో ఉంటుంది. మీ ఇంట్లో రాత్రి తొమ్మిదికి కొలిచి చూడండి. ఆ హద్దుల్లోనే ఉంటే అక్కర్లేదు, దాటితే కావాలి.

అపోహ: 16లో పెడితే త్వరగా చల్లబడుతుంది.

మామూలు ఏసీ కంప్రెసర్ 16లో అయినా 24లో అయినా ఒకే వేగంతో తిరుగుతుంది, ఎప్పుడు ఆగాలో మాత్రమే తేడా. ఇన్వర్టర్‌లో మాత్రం మొదట్లో కాస్త ప్రభావం ఉంటుంది, కానీ గది వేడిగా ఉన్నప్పుడు అది ఎలాగూ పూర్తి వేగంతోనే నడుస్తుంది. 2020 జనవరి నుంచి మన దేశంలో స్టార్ రేటింగ్ ఏసీలు 24 డిఫాల్టుగా రావాలని నిబంధన ఉంది. ఇంకో మాట, ఏసీ మీద రాసిన టన్నేజీ బయట 35 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, పై అంతస్తు స్లాబు కింద, అదే ఏసీ నుంచి అంతే పని ఆశించడం న్యాయం కాదు.

అపోహ: ఏ గ్యాసైనా ఒకటే, దొరికింది వేయొచ్చు.

ఇది ప్రాణాల మీదకు తెచ్చేది. పాత ఆర్22 ఏసీలో ఆర్32 వేస్తున్నారని వింటున్నాను. ఆర్32 ప్రెషర్ చాలా ఎక్కువ, దానికి మంట అంటుకునే గుణం కూడా ఉంది. ఆ పాత గొట్టాలు, ఆ కంప్రెసర్ దానికోసం చేసినవి కావు. ఆర్290 అంటే ప్రొపేన్, వంటగ్యాస్ కుటుంబానిదే. ప్లేట్ మీద ఏది రాసి ఉందో అదే వేయాలి. పైపులో గ్యాస్ ఉండగా వెల్డింగ్ మంట పెట్టనివ్వకండి.

అపోహ: హాట్ అండ్ కోల్డ్ ఏసీ అవుట్‌డోర్ నుంచి నీళ్లు కారితే పాడైనట్టే.

చలికాలంలో వేడి మోడ్‌లో అవుట్‌డోర్ కాయిల్ చల్లబడుతుంది కాబట్టి అక్కడ నీళ్లు రావడం సహజం. చలిదేశాల్లో దాని మీద మంచు కట్టడం, అది తనంతట తాను కరిగించుకోవడం కూడా మామూలే. మన మైదానంలో జనవరి రాత్రి చలికి అలా గడ్డకట్టకూడదు. కడితే గాలి ఆడటం లేదో, గ్యాస్ తక్కువుందో చూడాలి. వేడీ, చల్లదనం రెండూ సగం సగమే వస్తుంటే వేడికీ, చల్లదనానికీ తగ్గట్టు గ్యాస్ దారి మార్చే వాల్వును అనుమానిస్తాను. అది పూర్తిగా మూసుకోకపోతే కంప్రెసర్ నుంచి వచ్చే వేడి గ్యాస్ అడ్డదారిలో తిరిగి కంప్రెసర్‌కే పోతుంది. గ్యాస్ వెనక్కి వచ్చే పైపు వాల్వులోకి వెళ్లేచోట, బయటకు వచ్చేచోట వేడి కొలిస్తే దాదాపు సమానంగా ఉండాలి. బయటకు వచ్చేది బాగా వెచ్చగా ఉంటే వాల్వు పోయినట్టు. ఈ కొలత తీయకుండా చాలామంది కంప్రెసర్‌నే దోషిని చేస్తారు.

పని అయ్యాక నేను ఇండోర్ ముందు మూత లోపలి వైపు ఒక స్టిక్కర్ అంటిస్తాను. తేదీ, ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు, లీకు దొరికిన చోటు, ఆ రోజు గాలిలో ఎన్ని డిగ్రీల తేడా వచ్చింది, అన్నీ రాస్తాను. మీ మెకానిక్‌ని కూడా రాయమని అడగండి. తర్వాత వచ్చేవాడు నేనైనా, ఇంకొకరైనా ఆ అంకెలతో పోల్చి చూసుకుంటారు. మాస్టారింటి స్టిక్కర్ మీద అప్పుడు 11 డిగ్రీలని రాశాను. మూడేళ్ల తర్వాత మొన్న ఏప్రిల్‌లో సర్వీసింగ్‌కి వెళ్లినప్పుడు గేజీ పెట్టకుండానే కొలిచాను, పదిన్నర వచ్చింది. బ్లోయర్ కడిగి, మళ్లీ కొలిచి, పాత అంకె పక్కనే 11 అని రాసి వచ్చాను.