మబ్బు పడితే కరెంట్ ఎందుకు పోతుంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

మా అపార్ట్‌మెంట్‌లో కరెంట్ పోతే 1912కి ఫోన్ చేసేవాళ్లు తక్కువ, మా తలుపు తట్టేవాళ్లు ఎక్కువ. బెల్లు ఎలాగూ మోగదు. "మీవాళ్లు మళ్లీ తీసేశారు సార్" అంటారు. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లుగా సబ్‌స్టేషన్లు, వాటి నుంచి కాలనీలకు కరెంట్ మోసుకెళ్లే ఫీడర్ లైన్లతోనే నా ఉద్యోగం. అందుకే ఆ "తీసేశారు" దగ్గరే మొదలుపెడతాను.

అపోహ: నాలుగు చినుకులు పడగానే కావాలనే కరెంట్ తీసేస్తారు.

మేం తీయం, అదే పోతుంది. 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల లైన్ స్తంభం మీద తీగను మోసే పింగాణీ గిన్నెలాంటిది కనిపిస్తుంది కదా, అది ఇన్సులేటర్. వేసవంతా ఎండకు కాగుతుంది, దాని మీద దుమ్ము పేరుకుంటుంది. కాగిన పింగాణీ మీద చల్లటి నీళ్లు పడితే వేడి గాజు గ్లాసులో చన్నీళ్లు పోసినట్టే, సన్నగా చీలుతుంది. చీలకపోయినా తడిసిన దుమ్ము మీదుగా కరెంట్ స్తంభంలోకి దారి వెతుక్కుంటుంది. వెంటనే సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ ట్రిప్ అయి లైన్ దానంతటదే ఆగిపోతుంది. నిజానికి జోరువాన కంటే తుంపరకే మాకు టెన్షన్. జోరువాన దుమ్మును కడిగేస్తుంది, తుంపర బురద చేసి వదిలేస్తుంది.

ఒక జూన్ రాత్రి ఇలాగే ఫీడర్ ట్రిప్ అయింది. ట్రయల్ ఇచ్చాం, అంటే మళ్లీ ఆన్ చేసి చూశాం, నిలవలేదు. లైన్ మధ్యలో స్తంభం మీదుండే ఏబీ స్విచ్ తెరిచి లైన్‌ను రెండుగా విడదీస్తే సబ్‌స్టేషన్ వైపు సగం నిలబడింది. మిగతా సగంలో లైన్‌మన్, నేను టార్చిలైట్లతో స్తంభం స్తంభం చూసుకుంటూ నడిచాం. తీగ తెగలేదు, కొమ్మ పడలేదు. రెండు గంటలకు ఒక బేకరీ వెనక స్తంభం మీది ఇన్సులేటర్ దించి చూస్తే వెంట్రుకంత చీలిక, దాని పొడవునా మసి గీత. ఆ గీత కోసం కాలనీలకు కాలనీలు చీకట్లో కూర్చున్నాయి. ఆలోపు నా ఫోన్‌కు వచ్చిన తిట్ల సంగతి వేరే.

ఒకటి ఒప్పుకోవాలి. ఈదురుగాలికి కొమ్మలు లైన్‌ను కొడుతున్నా, తీగ తెగి రోడ్డు మీద పడిందని తెలిసినా మేమే ఆపేస్తాం. అది మాత్రం తీసేయడమే.

అపోహ: తీగలన్నీ భూమిలో వేస్తే ఈ గొడవే ఉండదు.

సగం నిజం. గాలి భయం, కొమ్మల భయం పోతాయి. కానీ పైన చెడితే కంటికి కనిపిస్తుంది, కింద చెడితే ఫాల్ట్ పట్టే వ్యాన్ రావాలి, తవ్వాలి, జాయింట్ వేయాలి, పూడ్చాలి. గంటల్లో అయ్యే పని రోజు దాటుతుంది. పైగా మన ఊళ్లో తవ్వకాలకు కొదవా? జేసీబీ పన్ను తగిలి పోయిన కేబుళ్లు నేను చూసినవే లెక్కలేనన్ని. అయితే జాగా లేనిచోట వేరే దారి లేదు. రాయదుర్గంలో 400 కేవీ సబ్‌స్టేషన్‌ను గ్యాస్ ఇన్సులేటెడ్ పద్ధతిలో, అంటే పరికరాలను గ్యాస్ నింపిన గొట్టాల్లో బిగించి కొద్ది జాగాలో ఇమిడేలా, కట్టిందీ జాగా కొరత వల్లే. ఐటీ కారిడార్ మధ్యలో ఎకరాలకు ఎకరాలు స్విచ్‌యార్డుకు ఎవరిస్తారు?

అపోహ: రాష్ట్రంలో మిగులు ఉందంటూనే బయట కొంటారేం?

కరెంట్ బియ్యం కాదు, గోదాములో పోసుకోవడానికి. వాడకం ఎంతో ఉత్పత్తి కూడా ఆ క్షణానికి అంతే ఉండాలి. ఆ తూకం చెప్పే ముల్లు ఫ్రీక్వెన్సీ. 50 హెర్ట్జ్‌కు అటూ ఇటూగా, 49.90 నుంచి 50.05 లోపల ఉంచాలి. మధ్యాహ్నం సోలార్ దండిగా ఉంటుంది, పొద్దుగూకితే సున్నా. అందుకే రోజును 15 నిమిషాల చొప్పున 96 ముక్కలు చేసి లెక్క వేస్తారు. మధ్యాహ్నం అమ్మి, రాత్రి కొనడంలో వింతేమీ లేదు. నిల్వ అనదగ్గది ఏదైనా ఉంటే శ్రీశైలం ఎడమగట్టు, నాగార్జునసాగర్‌లలో ఉంది. కరెంట్ ఎక్కువైనప్పుడు కింది నీళ్లను పైకి తోడి, కావలసినప్పుడు మళ్లీ వదిలే ఏర్పాటు అది.

రాష్ట్ర డిమాండ్ మన ఏసీల వల్లే పెరుగుతుందనుకుంటాం. సిటీ వరకు సరే. రాష్ట్రానికి అసలు పరీక్ష ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే, యాసంగి వరికి బోర్లన్నీ నడిచే రోజుల్లో. 2025 మార్చిలో డిమాండ్ 17 వేల మెగావాట్లు దాటింది.

అపోహ: దేశమంతా ఒకే గ్రిడ్ కాబట్టి ఎక్కడో తప్పు జరిగితే మనం మునుగుతాం.

ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. 2012 జులై 30, 31 తేదీల్లో గ్రిడ్ కూలింది. రెండో రోజు ఉత్తర, తూర్పు, ఈశాన్య రాష్ట్రాల్లో 60 కోట్ల మందికి పైగా చీకట్లో పడ్డారు. మనకేమీ కాలేదు. మన గ్రిడ్ గట్టిదని కాదు, అప్పటికి దక్షిణాది మిగతా దేశంతో డీసీ లింకుల ద్వారానే కలిసి ఉంది, అవి కరెంట్‌ను ఇస్తాయి గానీ అటువైపు ఫ్రీక్వెన్సీ కుదుపును ఇటు రానివ్వవు. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైన్‌తో ఒకటయ్యాం. మరి అంతకుముందు సుఖపడ్డామా? ఆ రోజుల కోతలు, పరిశ్రమల పవర్ హాలిడేలు గుర్తు చేసుకోండి. ఉత్తరాన కరెంట్ దొరికినా తెచ్చుకునే దారి ఇరుకు.

ఇక 2020 ఏప్రిల్ 5 రాత్రి, ప్రధాని 9 నిమిషాలు లైట్లు ఆర్పమన్నప్పుడు గ్రిడ్ కూలిపోతుందని ఎంతోమంది జోస్యం చెప్పారు. దాదాపు 31 వేల మెగావాట్ల వాడకం పడిపోయింది, అంచనాకు రెట్టింపు పైనే. జలవిద్యుత్ యూనిట్లను టకటకా దించి, మళ్లీ ఎత్తి నిలబెట్టారు. ఫ్రీక్వెన్సీ 49.70, 50.26 మధ్యే ఆడింది.

అపోహ: మేడ మీద సోలార్ ఉంటే కరెంట్ పోదు.

పోతుంది. బ్యాటరీ లేని సోలార్ ఇన్వర్టర్ లైన్‌లో సరఫరా ఆగగానే తానూ ఆగిపోతుంది, లైన్‌మన్ ప్రాణం కోసమే అలా చేశారు. అద్దె జనరేటర్‌కు ఆ తెలివి ఉండదు. ఇంటి వైరింగ్‌ను లైన్‌కో జనరేటర్‌కో ఒక్కదానికే కలిపే చేంజోవర్ స్విచ్ లేకుండా కలిపితే దాని 230 వోల్టులు వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లో వెనక్కి ఎక్కి 11 వేలవుతాయి, చచ్చిందనుకున్న తీగ బతుకుతుంది. అందుకే ఎల్‌సీ (లైన్ ఆపేశామని సబ్‌స్టేషన్ ఇచ్చే లైన్ క్లియర్) తీసుకున్నాక కూడా, తీగను భూమికి కలిపే ఎర్త్ రాడ్లు తగిలించనిదే మావాళ్లను తీగ ముట్టుకోనివ్వం. ఈసారి పెళ్లి పందిట్లో జనరేటర్ పెట్టిస్తే, దాని వైరు ఎక్కడ కలిపారో ఒకసారి వెళ్లి చూడండి.