పిన్‌పై అనుకోని క్లాక్ కనిపిస్తే చిప్ పోయినట్టేనా? అపోహలు – వాస్తవాలు

నెల్లూరులో రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్ల ప్యానెళ్లకు కంట్రోలర్ బోర్డులు చేసి ఇవ్వడం, చెడిపోయినవాటిని బాగుచేయడం నా వృత్తి. మోటారును ఆన్-ఆఫ్ చేసే రిలేకు కలిపిన చిప్ పిన్‌పై తాము కోడ్‌లో రాయని క్లాక్ సిగ్నల్ (చిప్ పనికి లయనిచ్చే, ఆగకుండా వచ్చే పల్సులు) కనిపించగానే చిప్ కాలిపోయిందనో, డూప్లికేట్ అనో తేల్చేసుకుని వచ్చేవారు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు. ఈ ఒక్క అపోహ వల్ల పోయినంత డబ్బు మిగిలినవన్నీ కలిపినా పోదు కనుక దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: పిన్ సగం వోల్టేజీ చూపిస్తోంది కాబట్టి అది కాలిపోయింది; చిప్ మార్చాలి.

వాస్తవం: ఆర్డువినో ఊనో తరహా బోర్డుల్లో వాడే ఏటీమెగా328పీ చిప్‌లో సీకేఅవుట్ అనే ఫ్యూజ్ బిట్ (కోడ్‌కు బయట, చిప్‌లోనే నిలిచి ఉండే సెట్టింగ్) ఉంది. అది ప్రోగ్రామ్ అయితే సిస్టమ్ క్లాక్ నేరుగా పీబీ0 మీదికి, అంటే డిప్ ప్యాకేజీలో (రెండు వరుసల కాళ్ల చిప్‌లో) 14వ కాలికి, ఆర్డువినో లెక్కలో డిజిటల్ 8కి వచ్చేస్తుంది. ఆ తరువాత ఆ పిన్ మీ కోడ్ మాట వినదు. ఐదు వోల్టుల బోర్డుపై ఈ చతురస్ర తరంగాన్ని మల్టీమీటర్ డీసీ రేంజిలో కొలిస్తే సగటు మాత్రమే, అంటే దాదాపు 2.5 వోల్టులు, కనిపిస్తుంది. తరంగాన్ని తెరపై చూపే ఆసిలోస్కోప్ (స్కోప్) లేని షాపులో ఆ అంకె చూసి పిన్ పోయిందనుకోవడం సహజమే గాని, అక్కడితో ఆగకుండా బోర్డే మార్చేయడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే.

విడవలూరు వైపు చెరువులకు ప్యానెళ్లు కట్టే ఒక కుర్రవాడు సంచి నిండా బోర్డులు తెచ్చి, "అన్నా, లాటు మొత్తం డూప్లికేట్ అంటగట్టారు, ఏ చిప్ పెట్టినా ఎనిమిదో పిన్‌ది ఇదే వరస" అని వాపోయాడు. అతని దగ్గరున్న కొత్త చిప్ ఒకటి తీసుకుని, దానిలో ఏమీ రాయకుండా ముందు ఫ్యూజులు చదివించాను. సీకేఅవుట్ ఉండే 'లో ఫ్యూజ్' బైట్ హెక్స్‌లో 62 అని వచ్చింది, అది ఫ్యాక్టరీ విలువే. తరువాత అతని ల్యాప్‌టాప్‌లోని చిప్‌ను ప్రోగ్రామ్ చేసే బ్యాచ్ ఫైలును దానిపై నడిపించి మళ్లీ చదివితే, 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ (క్లాక్‌కు లయనిచ్చే భాగం) ఉన్న బోర్డుకు ఎఫ్‌ఎఫ్ ఉండవలసిన చోట బీఎఫ్ ఉంది. ఫ్యూజ్ బిట్లలో సున్నా అంటే ఆ సదుపాయం పనిచేస్తున్నట్టు, ఒకటి అంటే లేనట్టు. అతడు దీన్ని తిరగేసి అర్థం చేసుకుని, సీకేఅవుట్ అయిన ఆరో బిట్‌ను "ఆపేయడానికి" సున్నా పెట్టాడు. ఆ ఫైలుతోనే ప్రోగ్రామ్ చేస్తున్నంత కాలం ఎన్ని చిప్పులు మార్చినా ఫలితం మారదు. చిప్పులు అమ్మిన దుకాణదారుతో అప్పటికే అతనికి మాటల్లేవు.

నిర్ధారించుకోవడానికి స్కోప్ కూడా అక్కర్లేదు. రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని ఆ పిన్‌ను కొలవండి. సీకేఅవుట్ క్లాక్ రీసెట్‌లో కూడా వస్తూనే ఉంటుంది. కోడ్ ఇచ్చే పీడబ్ల్యూఎం (వెడల్పు మార్చగల పల్సులు) అయితే రీసెట్‌లో ఆగిపోతుంది. సిగ్నల్ ఆగలేదంటే కోడ్‌లో వెతుక్కుంటూ రాత్రులు పాడుచేసుకోకుండా ఫ్యూజులు చదవండి.

యూఎస్‌బీ ద్వారా స్కెచ్ మళ్లీ ఎక్కిస్తే ఇది పోతుందన్నది, చిప్ ఎరేజ్ చేస్తే పోతుందన్నది రెండూ తప్పే. ఆ రెండు పనులూ ఫ్యూజులను తాకవు. ఐఎస్‌పీ ప్రోగ్రామర్ (చిప్‌లోకి నేరుగా రాసే పరికరం) కలిపి సరైన విలువ రాయాలి, లేదా అదే ప్రోగ్రామర్‌తో ఆర్డువినో ఐడీఈలో సరైన బోర్డు ఎంచుకుని బర్న్ బూట్‌లోడర్ నొక్కాలి. ఫ్యూజు ఒకసారి రాస్తే ఇక మారదన్నది కూడా పుకారే. లాక్ బిట్లు (చిప్‌లోని విషయాలను ఇతరులు చదవకుండా, మార్చకుండా ఆపే సెట్టింగ్) వేసి ఉంటే మాత్రం ముందు చిప్ ఎరేజ్ చేయవలసి ఉంటుంది కనుక కోడ్ కాపీ దగ్గర పెట్టుకోండి.

అపోహ: క్రిస్టల్ నుంచి సిగ్నల్ పక్క పిన్‌లోకి లీకవుతోంది.

వాస్తవం: 20 మెగాహెర్ట్జ్ స్కోప్‌లో 16 మెగాహెర్ట్జ్ చతురస్ర తరంగం అంచులు కోల్పోయి సైన్ వేవ్‌లా కనిపిస్తుంది, అందుకే ఈ అనుమానం. క్రిస్టల్ 9, 10 కాళ్ల మీద ఉంటే లీకేజీ 11ను వదిలి 14కు ఎందుకు దూకుతుంది? ఆ పిన్‌కు, గ్రౌండ్‌కు మధ్య ఒక కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టండి. లీకేజీ అయితే కుప్పకూలుతుంది, నిజమైన అవుట్‌పుట్ అయితే దాదాపు అలాగే నిలుస్తుంది.

మిగిలినవి చిన్నవి. డిప్లొమా విద్యార్థులు 8051 తరహా ఏటీ89ఎస్52 చిప్ 30వ కాలి మీద సిగ్నల్ చూసి కంగారుపడతారు. అది ఏఎల్‌ఈ (అడ్రస్ లాచ్ ఎనేబుల్) సిగ్నల్, క్రిస్టల్ ఫ్రీక్వెన్సీలో ఆరో వంతు, అంటే 11.0592 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌కు 1.8432 మెగాహెర్ట్జ్, అక్కడ ఉండవలసిందే. ఈఎస్‌పీ8266 వైఫై చిప్‌లో పవర్ ఇవ్వగానే జీపీఐఓ2 పిన్‌పై కనిపించే పల్సులు క్లాక్ కావు, 74880 బాడ్ వేగంలో వచ్చే బూట్ సందేశాలు. రిలేను ఆ పిన్‌కు కలపకండి.

రాత్రివేళ చెరువు గట్టు నుంచి ఆందోళనతో ఫోన్ చేసేవారికి ఒక్క మాట. నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గేది తెల్లవారుజామునే కనుక పిన్ సంగతి అప్పుడు తేల్చనక్కర్లేదు. ప్యానెల్‌లో సెలెక్టర్ స్విచ్‌ను మాన్యువల్‌కు తిప్పి ఏరియేటర్లు నేరుగా నడపండి, బోర్డును పొద్దున తెచ్చి ఇవ్వండి.