క్యాల్షియం బిళ్ల మీద గుండె భయం ఎలా వచ్చింది

న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో ఇయన్ రీడ్ అనే వైద్య పరిశోధకుడి బృందం 1,471 మంది మహిళలతో ఒక పరీక్ష చేసింది. అందరూ మెనోపాజ్ దాటిన ఆరోగ్యవంతులు, సగటు వయసు 74 ఏళ్లు. చీటీలు తీసినట్టుగా వాళ్లను రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకి రోజుకి ఒక గ్రాము క్యాల్షియం, రెండో గుంపుకి చూడటానికి అలాగే ఉండే మందు లేని బిళ్ల ఐదేళ్లపాటు ఇచ్చారు. తాము మింగేది ఏదో ఆ మహిళలకు తెలియదు. ఎముకలకు ఎంత బలం వస్తుందో చూడటం వాళ్ల మొదటి ఉద్దేశం. గుండె సంగతి ఆ పక్కనే పెట్టుకున్న రెండో ప్రశ్న.

ఆ రెండో ప్రశ్నకి మొదట దొరికిన జవాబు చాలా తీపిగా ఉంది. వాళ్లలో 223 మందికి ఏడాది తర్వాత రక్తంలో కొవ్వులు చూస్తే, క్యాల్షియం వేసుకున్నవాళ్లలో మంచి కొలెస్ట్రాల్ అని మనం పిలుచుకునే హెచ్‌డీఎల్ దాదాపు 7 శాతం పెరిగింది. చెడ్డ కొలెస్ట్రాల్ కూడా కాస్త తగ్గే వైపే ఉంది. 2002లో ఆ ఫలితాన్ని ప్రచురించారు. ఎముకల కోసం వేసుకునే చవక బిళ్ల గుండెనీ కాపాడుతుందేమో అన్న ఆశ అక్కడ కనిపిస్తుంది.

ఆరేళ్లు తిరిగేసరికి అదే బృందం, అదే మహిళల లెక్కలతో, బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇంకో వ్యాసం రాసింది. గుండెపోటు వచ్చిందని చెప్పినవాళ్లు క్యాల్షియం గుంపులో 31 మంది, ఉత్త బిళ్ల గుంపులో 14 మంది. గుండెకి మేలు జరుగుతుందేమోనని చూసినవాళ్లకే కీడు ఎదురైంది. క్యాల్షియానికీ గుండెకీ మధ్య ఈనాటిదాకా నడుస్తున్న వాదం ఇంత పెద్దదవడానికి 2008 నాటి ఆ వ్యాసమే కారణం.

ఈ కథ తవ్వడానికి నా కారణం ఇంట్లోనే ఉంది. మా అమ్మకి 71 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు, బీపీ, కొలెస్ట్రాల్ బిళ్ల, క్యాల్షియం బిళ్ల. ఎవరో ఫోన్‌లో పంపిన మెసేజ్ చదివి, "ఈ క్యాల్షియం వేసుకుంటే గుండె నాళాలు సున్నం కడతాయంట, నిజమేనా నాన్నా?" అని అడిగింది. అవును, కాదు అని ఒక్క మాటలో చెప్పలేకపోయాను. చెప్పాలంటే వెనక్కి వెళ్లాల్సిందే.

క్యాల్షియం గుండెకి మంచిదన్న నమ్మకం నిజానికి బిళ్లలతో కాదు, నీళ్లతో మొదలైంది. 1957లో జపాన్‌లో కొబయాషి అనే శాస్త్రవేత్త నదుల నీటి గుణానికీ ఆ ప్రాంతాల్లో పక్షవాతం మరణాలకీ సంబంధం ఉన్నట్టుందని రాశాడు. 1960లో అమెరికాలో హెన్రీ ష్రోడర్ కఠిన జలం తాగే చోట్ల గుండెజబ్బు మరణాలు తక్కువని చూపించాడు. మన భాషలో చెప్పాలంటే పప్పు ఉడకని ఉప్పునీళ్లు. మరుసటి ఏడాది ఇంగ్లండ్ పట్టణాల లెక్కల్లోనూ అలాంటిదే కనిపించింది. ఆ నీళ్లలో ఉండేవి ముఖ్యంగా క్యాల్షియం, మెగ్నీషియం. వాటిలో ఏది కారణం, లేక మూడోదేదైనా ఉందా అన్నది ఆ లెక్కలు చెప్పలేవు. కానీ ఊహకి దారి పడింది. 1965లో యాకోవిట్జ్ బృందం మనుషులకి క్యాల్షియం ఇచ్చి రక్తంలో కొవ్వులు తగ్గడం చూసింది. 1990ల మొదట్లో ఇంకొన్ని చిన్న పరీక్షల్లోనూ చెడ్డ కొలెస్ట్రాల్ కొద్ది శాతం తగ్గింది.

అది ఎలా తగ్గుతుందో అర్థం చేసుకోవడం తేలికే. మన కాలేయం కొలెస్ట్రాల్ నుంచే పైత్యరస ఆమ్లాలను తయారుచేస్తుంది. అవి పేగుల్లోకి వచ్చి కొవ్వు అరగడానికి సాయం చేసి, చాలావరకు తిరిగి కాలేయానికే చేరతాయి. పేగుల్లో క్యాల్షియం ఎక్కువగా ఉంటే వాటిలో కొన్నిటిని పట్టుకుని మలంతో బయటికి తీసుకుపోతుంది. కొవ్వు ఆమ్లాలతో కలిసి సబ్బులాంటి పదార్థంగా మారి కొంత కొవ్వునీ వెంట తీసుకెళ్తుంది. పోయిన ఆమ్లాల బదులు కొత్తవి చేసుకోవడానికి కాలేయం రక్తంలోంచి కొలెస్ట్రాల్ లాక్కుంటుంది. అయితే దీని బలం స్వల్పం. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ బిళ్లలతో పోల్చే స్థాయి కాదు. కొలెస్ట్రాల్ బిళ్ల మానేసి క్యాల్షియం మీద ఆధారపడదామని ఎవరైనా అనుకుంటే అది ప్రమాదం.

ఎముకల వైపు కథ వేరేగా నడిచింది. 1984లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణుల సదస్సు, ఎముకలు గుల్లబారకుండా మహిళలు రోజుకి 1,000 నుంచి 1,500 మిల్లీగ్రాముల క్యాల్షియం తీసుకోవాలని చెప్పింది. అక్కడి నుంచి బిళ్లల అమ్మకాలు ఊపందుకున్నాయి. 1992లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఫలితం ఆ నమ్మకాన్ని స్థిరం చేసింది. వృద్ధాశ్రమాల్లో ఉంటున్న, సగటు వయసు 84 ఏళ్లున్న 3,270 మంది మహిళల మీద జరిగిన పరీక్ష అది. 1.2 గ్రాముల క్యాల్షియం, 800 యూనిట్ల విటమిన్ డి ఇస్తే ఏడాదిన్నరలో తుంటి ఎముక విరగడం 43 శాతం తగ్గింది. తుంటి విరిగి మంచాన పడ్డ పెద్దవాళ్లు ఇంట్లో ఉన్న ఎవరికైనా ఆ అంకె విలువ తెలుస్తుంది.

కానీ వాళ్లు ఎవరో మర్చిపోకూడదు. ఎండ మొహం చూడని, సరిగా తినలేని 84 ఏళ్ల అవ్వలు. వాళ్లకి పనిచేసింది కదా అని 55 ఏళ్లకి చలాకీగా తిరిగే ఆవిడకీ అంతే పనిచేస్తుందనుకోవడం దగ్గరే, నా దృష్టిలో, అసలు తప్పు మొదలైంది. 2005లో బ్రిటన్‌లో ఇదివరకే ఎముక విరిగిన, 70 దాటిన 5,292 మంది మీద చేసిన పరీక్షలో క్యాల్షియంగానీ విటమిన్ డిగానీ మళ్లీ విరగడాన్ని ఆపలేదు. 2006లో అమెరికాలో 36,282 మంది మహిళల మీద ఏడేళ్లు నడిచిన మహా పరీక్ష ఫలితం వచ్చింది. ఎముక సాంద్రత ఒక శాతం మెరుగు. తుంటి విరగడం 12 శాతం తగ్గినట్టు కనిపించినా, అది యాదృచ్ఛికం కాదని చెప్పేంత గట్టి తేడా కాదు. కిడ్నీలో రాళ్లు మాత్రం 17 శాతం పెరిగాయి. గుండె మీద ఏ ప్రభావమూ లేదని ఆ మరుసటి ఏడాది అదే బృందం చెప్పింది.

ఆ మాట పాతబడకముందే 2008లో ఆక్లండ్ వ్యాసం వచ్చింది.

దాన్ని కొట్టిపారేయడానికీ కారణాలు దొరికాయి. 31, 14 అన్నవి ఆ మహిళలో, వాళ్ల ఇంటివాళ్లో చెప్పిన లెక్కలు. దేశవ్యాప్త ఆసుపత్రి రికార్డులు కూడా కలిపి చూస్తే 31కి 21 అయ్యాయి. ఆ తేడా యాదృచ్ఛికం కావచ్చని గణితం ఒప్పుకుంటుంది. ఇది వ్యాసం రాసినవాళ్లు తామే వెతికి బయటపెట్టిన సంగతి. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో 1,460 మంది వృద్ధ మహిళల మీద దాదాపు అలాంటి పరీక్షే చేసిన బృందానికి గుండె ప్రమాదం పెరిగినట్టు కనపడలేదు. వాళ్లు ఇంకో సంగతి ఎత్తి చూపారు. క్యాల్షియం బిళ్లలు మలబద్ధకం, కడుపునొప్పి తెస్తాయి. ఆ నొప్పితో ఆసుపత్రికి వెళ్లినవాళ్లు కొందరు దాన్ని గుండెపోటుగా చెప్పి ఉండొచ్చు కదా? గ్యాస్ నొప్పో గుండెనొప్పో తేలక రాత్రిపూట పరుగులు పెట్టిన ఇళ్లు మనకి తక్కువేం కాదు. ఆ అభ్యంతరంలో బలం ఉంది.

ఆక్లండ్ వాళ్లు వెనక్కి తగ్గలేదు. 2010లో మార్క్ బోలాండ్, రీడ్, మరికొందరు కలిసి విటమిన్ డి లేకుండా క్యాల్షియం మాత్రమే ఇచ్చిన పరీక్షలన్నీ పోగేశారు. ఒక్కొక్క మనిషి వివరాలూ దొరికిన 8,151 మందిలో గుండెపోటు వచ్చినవాళ్లు క్యాల్షియం వైపు 143, రెండో వైపు 111. అంటే సుమారు 30 శాతం ఎక్కువ. పేపర్లు పట్టుకున్నది ఆ 30 శాతాన్నే. నాకు అంతకన్నా ముఖ్యంగా అనిపించింది వాళ్లు వేసిన ఇంకో లెక్క. వెయ్యి మందికి ఐదేళ్లు క్యాల్షియం ఇస్తే 26 ఎముకలు విరగకుండా ఆగుతాయి, కానీ 14 గుండెపోట్లు అదనంగా వస్తాయి. అలా పక్కపక్కన పెడితే ఎవరికి వాళ్లు ఆలోచించుకోగలరు.

2011లో ఆక్లండ్ బృందం అమెరికా మహా పరీక్షనే తిరగేసింది. అందులో సగానికి పైగా మహిళలు పరీక్షలో చేరేనాటికే సొంతంగా క్యాల్షియం కొనుక్కుని వేసుకుంటున్నారు. ఉత్త బిళ్ల గుంపులోనూ చాలామంది కడుపులో క్యాల్షియం ఉంటే తేడా ఎలా తెలుస్తుంది? సొంతంగా వేసుకోని 16,718 మందిని విడిగా చూస్తే గుండె, మెదడు రక్తనాళాల ప్రమాదం కొద్దిగా పెరిగినట్టు కనిపించిందని వాళ్ల వాదన. పరీక్ష ముగిశాక ఇలా ముక్కలు చేసి చూడటం నమ్మదగ్గది కాదని అవతలివాళ్ల వాదన. 2015లో పెర్త్ బృందం 63 వేల మందికి పైగా ఉన్న పరీక్షలన్నీ కలిపి, ప్రమాదం లేదని తేల్చింది. 2016లో అమెరికాలో ఎముకల సంస్థ, గుండె నివారణ వైద్యుల సంఘం కలిసి, ఆహారం, బిళ్లలు అన్నీ కలిపి రోజుకి 2,000 నుంచి 2,500 మిల్లీగ్రాములు దాటనంతవరకు గుండెకి భయం లేదన్నాయి. అదే ఏడాది ఇంకో అధ్యయనంలో, పదేళ్లపాటు గమనించిన 2,742 మందిలో బిళ్లలు వేసుకునేవాళ్లకి గుండె నాళాల్లో కొత్తగా సున్నం చేరే అవకాశం 22 శాతం ఎక్కువగా కనిపించింది. విచిత్రంగా, మొత్తం మీద క్యాల్షియం బాగా తీసుకునేవాళ్లలో ఆ ముప్పు తక్కువగా ఉంది.

ఈ చివరి మాట దగ్గర ఆగాలి. అదే క్యాల్షియం పళ్లెంలోంచి వస్తే ఒకలా, బిళ్లలోంచి వస్తే ఇంకోలా ఎందుకు ఉంటుంది? ఒక గ్రాము ఒకేసారి మింగితే రక్తంలో క్యాల్షియం గంటల తరబడి మామూలుకన్నా కాస్త పైన ఉంటుంది. పాలు, పెరుగు, జావ అయితే మెల్లగా, ప్రొటీన్‌తోనూ కొవ్వుతోనూ కలిసి, కొంచెం కొంచెంగా ఎక్కుతుంది. బిళ్లతో వచ్చే ఆ పెరుగుదలే రక్తం గడ్డకట్టే గుణాన్నీ నాళాల గోడల్నీ దెబ్బతీస్తుందేమోనని ఒక ఊహ. అది ఇంకా రుజువు కాలేదు. కిడ్నీలు చెడినవాళ్లలో మాత్రం అనుమానానికి గట్టి ఆధారం ఉంది. 2000లో అమెరికాలో డయాలసిస్ మీద ఉన్న యువకులను పరీక్షిస్తే, గుండె నాళాల్లో సున్నం ఉన్నవాళ్లు లేనివాళ్లకన్నా దాదాపు రెట్టింపు క్యాల్షియం మందుగా తీసుకుంటున్నారు. వాళ్లకి ఫాస్ఫరస్ తగ్గించడానికి క్యాల్షియం ఇస్తారు. ఉద్దానంలాంటి చోట కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్లు మోకాళ్ల నొప్పులకని మందుల షాపులో అడిగి తెచ్చుకునే క్యాల్షియం గురించి నాకు నిజంగా టెన్షన్‌గా ఉంటుంది. డాక్టర్‌ని అడగకుండా వాళ్లు దాన్ని ముట్టుకోకూడదు.

ఇక్కడే తినే క్యాల్షియం, క్యాల్షియం స్కోర్, క్యాల్షియం ఛానల్ బ్లాకర్ అనే మూడు మాటలు కలగాపులగం అయ్యాయి. 1990లో ఆర్థర్ అగాట్‌స్టన్, ఆయన తోటి వైద్యులు స్కానింగ్‌లో గుండె నాళాల్లోని సున్నాన్ని లెక్కించే పద్ధతి కనిపెట్టారు. మనం "క్యాల్షియం స్కోర్" అంటున్నది దాన్నే. అది పాత కొవ్వు పూడికలు గట్టిపడిన గుర్తు, పాలు ఎక్కువ తాగిన గుర్తు కాదు. స్కోర్ ఎక్కువ వచ్చిందని పెరుగు మానేసినవాళ్లు నాకు తెలుసు. అలాగే ఆమ్లోడిపిన్‌లాంటి బీపీ బిళ్లల్ని క్యాల్షియం ఛానల్ బ్లాకర్లు అంటారు కాబట్టి, క్యాల్షియం తింటే ఆ బిళ్ల పనిచేయదనుకునేవాళ్లూ ఉన్నారు. అవి రక్తనాళాల కండరాల్లోకి క్యాల్షియం చొరబడే దారిని అడ్డుకుంటాయి. పళ్లెంలో క్యాల్షియంతో వాటికి పోట్లాట లేదు.

ఈ వాదం అంతా చదివేటప్పుడు మన పళ్లెం గుర్తుంచుకోవాలి. ఆక్లండ్, పెర్త్ మహిళలు పాలు, చీజ్ అలవాటున్నవాళ్లు. వాళ్లకి బిళ్ల అదనం. తిరుపతి స్విమ్స్‌లో డాక్టర్ హరినారాయణ్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో మన పల్లెల్లో ఆహారంలోంచి వచ్చే క్యాల్షియం రోజుకి 300 మిల్లీగ్రాములు కూడా లేదు. పట్నంలో కాస్త పైన. దానికి తోడు గింజధాన్యాల్లోని ఫైటేట్లు ఉన్న కాస్తనీ ఒంటికి పట్టనివ్వవు. విటమిన్ డి లోటూ విపరీతం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2010లో పెద్దవాళ్లకి రోజుకి 600 మిల్లీగ్రాములు చాలంది. 2020లో దాన్ని 1,000కి, మెనోపాజ్ దాటిన మహిళలకి 1,200కి పెంచింది. తినేదానికీ కావలసినదానికీ మధ్య ఇంత దూరం ఉన్నచోట, బిళ్లంటేనే విషం అని భయపెట్టడం అన్యాయం. లెక్క చూడకుండా అందరికీ రాసేయడం కూడా అంతే అన్యాయం.

ఆ లోటుని పళ్లెంతో పూడ్చితే ఏమవుతుందో ఆస్ట్రేలియాలోనే చూశారు. 60 వృద్ధాశ్రమాల్లో 7,195 మంది. సగం ఆశ్రమాల్లో పాలు, పెరుగు, చీజ్ పెంచి క్యాల్షియాన్ని రోజుకి 1,142 మిల్లీగ్రాములకి తెచ్చారు, ప్రొటీన్ కూడా పెరిగింది. 2021లో వచ్చిన ఫలితం ప్రకారం ఎముకలు విరగడం 33 శాతం, తుంటి విరగడం 46 శాతం తగ్గాయి. కింద పడటం కూడా తగ్గింది. మనకి చీజ్ అక్కర్లేదు. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దరిదాపుల్లో క్యాల్షియం ఉంటుంది. నువ్వులు, మునగాకు, ముల్లుతో సహా తినే చిన్న చేపలు ఉన్నాయి.

అమ్మ బిళ్లల డబ్బా తీసి చూశాను. రెండు క్యాల్షియం స్ట్రిప్పులున్నాయి, రెండు వేర్వేరు పేర్లతో. ఒకటి మోకాళ్లకి రాసింది, ఇంకోటి నీరసానికి రాసింది. రెండింటి మీదా 1,250 మిల్లీగ్రాముల క్యాల్షియం కార్బొనేట్ అని ఉంది. అందులో అసలు క్యాల్షియం 500. అమ్మకి ఆ సంగతి తెలియదు, పొద్దున థైరాయిడ్ బిళ్లతో పాటే ఒకటి వేసుకుంటోంది. క్యాల్షియం దగ్గరలో ఉంటే థైరాయిడ్ మందు సరిగా ఒంటికి పట్టదు, కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇద్దరం కూర్చుని లెక్కేశాం. గ్లాసు పాలు, మధ్యాహ్నం కప్పు పెరుగు, ఒకపూట రాగి జావ, పప్పూ ఆకుకూరా కలిపి దాదాపు 800 మిల్లీగ్రాములు. రెండు స్ట్రిప్పులూ, ఆ కాగితమూ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఎముకల ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లయితే సొంతంగా ఆపితే రక్తంలో క్యాల్షియం పడిపోవచ్చని, మా అమ్మ ఆ కోవలోకి రాదని ఆయన చెప్పారు. ఒక స్ట్రిప్పు తీసేశారు. మిగిలింది ఒకటి, మధ్యాహ్నం అన్నం తిన్నాక. కొలెస్ట్రాల్ బిళ్ల రాత్రికి, ఎప్పటిలాగే.