పేరు పెట్టేది ఎవరు?

వడపళని, చెన్నై

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

"మీ కాలంలో గే అనేవాళ్లు కారుగా, మరేమనేవాళ్లు తాతయ్యా?" అని పెద్దది ఫోనులో అడిగింది. అది ఫోనులో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

అప్పుడు ఉన్నవన్నీ తిట్లే. అవి రాయను, మీకూ తెలుసు. తిట్టు కానిది ఒకటి పేపర్లో నేను దిద్దే కోర్టు వార్తల ప్రూఫుల్లో తగిలేది: ప్రకృతి విరుద్ధ నేరం. అది 1860లో ఇంగ్లీషువాళ్లు రాసిన శిక్షాస్మృతిలో 377వ సెక్షను మాట. అందులో మనసు ఊసే లేదు. చేసిన పని, దానికి యావజ్జీవం దాకా శిక్ష, అంతే.

హోమోసెక్సువల్ అన్న మాట పుట్టుక మాత్రం వేరు. అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యాలో మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరమనే చట్టం ఉండేది. దాన్ని ఎత్తేయాలంటూ 1869లో కెర్ట్‌బెనీ అనే హంగేరియన్ రచయిత పేరు వేసుకోకుండా కరపత్రాలు అచ్చువేశాడు. వాదించాలంటే తిట్టు కాని మాట కావాలిగా! గ్రీకు ముక్కకి లాటిను ముక్క అతికించాడు. (అందులో హోమో అంటే మనిషి కాదర్రా, గ్రీకులో 'ఒకటే' అని. పాత ప్రూఫ్‌రీడర్ని, చెప్పకుండా ఉండలేను.) అలా వకాల్తా పుచ్చుకున్న మాటని డాక్టర్లు రోగాల పుస్తకాల్లోకి ఎక్కించారు. అమెరికా మనోవైద్యుల సంఘం 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో గానీ దాన్ని జాబితాలోంచి తీయలేదు. ఆ మాటంటే చాలామందికి గిట్టకపోవడానికి కారణం అదే. గే, లెస్బియన్ అన్నవి ఆ మాట పడ్డవాళ్లే తమకోసం ఎంచుకున్న పేర్లు.

ఇక మన తెలుగు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు కూడా మన పేపర్లలో 'స్వలింగ సంపర్కం నేరం కాదు' అనే వచ్చింది. తీర్పు మారినా మాట ఇంకా 377 దగ్గరే ఉంది. ఎవరినీ తాకని, మనసులోనే ఇష్టపడుతున్న పదిహేడేళ్ల కుర్రాణ్ణి పట్టుకుని 'సంపర్కుడు' అంటే ఎలా? మీ అమ్మానాన్నలది ప్రేమ పెళ్లి అన్నాం గానీ సంపర్క వివాహం అన్నామా? 'స్వలింగ ఆకర్షణ' కాస్త నయం. నాకు మాత్రం అదీ సైన్సు పుస్తకంలో అయస్కాంతం పాఠంలా వినిపిస్తుంది.

తమిళంవాళ్లు ఈ పనిలో మనకంటే ముందున్నారు. ఒకరినొకరు ఇష్టపడి మదురై నుంచి పారిపోయి చెన్నై చేరిన ఇద్దరమ్మాయిలు రక్షణ కోరి మద్రాసు హైకోర్టుకెళ్లారు. జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఈ సంగతి తనకు సరిగ్గా తెలియదని ఒప్పుకుని, తీర్పుకు ముందు తానే ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చున్నారు. 2021 జూన్‌లో ఆదేశాలిచ్చారు. ఆ కేసు వల్లే 2022లో తమిళనాడు ప్రభుత్వం గౌరవంగా పిలిచే మాటల జాబితాని గెజెట్లో వేసింది.

సెలవులకి రండి. ఆ జాబితా ముందేసుకుని తెలుగు మాటలు వెతుకుదాం. తమిళం నేను చదివి పెడతాను. మీ ఈడు పిల్లలు తమని తాము ఏమనుకుంటారో మీరు చెప్పాలి.

మీ తాతయ్య