గోలి ఏసుకున్నంక కనబడేదంతా డేట్ కాదు: అపోహలు – వాస్తవాలు

హన్మకొండ నయీంనగర్‌లో హాస్టళ్లున్న గల్లీలో మా మెడికల్ షాపు. కలిసినంక గర్భం రాకుండ వేసుకునే ఎమర్జెన్సీ గోలి (ఐ-పిల్ లాంటిది) కోసం వచ్చినవాళ్లను అడగకముందే గుర్తుపడతా. పక్కన ఇంకో మనిషి ఉంటే విక్స్ బిళ్ల కొంటరు, షాంపూ ప్యాకెట్లు లెక్కపెట్టుకుంట నిలబడతరు. షాపు ఖాళీ అయినంక ఫోన్ స్క్రీన్ నా దిక్కు తిప్పుతరు. సిగ్గుపడేటోళ్లతో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా వాళ్లు రెండు వారాల తర్వాత చెప్పే ఒక్క మాటతోనే: "గోలి ఏసుకున్న ఐదొద్దులకే డేట్ అచ్చిందక్కా, ఇగ భయం లేదు."

అది డేట్ (నెలసరి) అని ఎవరు చెప్పిండ్రు?

ఆ గోలిలో లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ మందు 1.5 మిల్లీగ్రాములుంటది. రోజూ వేసుకునే మాలా గోలిలో ఇదే మందు 0.15. అంటే పది గోలీల మందు ఒక్క గుక్కలో లోపలికి పోతది. హార్మోన్ అట్ల ఒక్కసారి పెరిగి దిగితే గర్భసంచి లోపలి పొర కొంత రాలొచ్చు. మరకలు పడతయ్, ఒకటి రెండు రోజులు బ్లీడింగ్ అయితది. గోలి పనిచేసినా కావచ్చు, చేయకున్నా కావచ్చు. గోలి చేసే అసలు పని అండం విడుదలను వెనక్కి నెట్టడం. అండం అప్పటికే విడుదలైపోతే ఇగ దానితో కాదు. మరకలు పడ్డంత మాత్రాన గోలి పనిచేసిందని రసీదు చేతికి వచ్చినట్టు కాదు.

ఒకామె, ఇద్దరు పిల్లల తల్లి, గ్యాస్ గోలీల కోసం మూడు వారాల్లో మూడుసార్లు వచ్చింది. మూడోసారి అనుమానమొచ్చి "డేట్ ఎప్పుడమ్మా?" అని అడిగిన. "సంక్రాంతి ముంగట అచ్చింది. ఐ-పిల్ ఏసుకున్న నాలుగొద్దులకు. రెండొద్దులు కొంచెం కొంచెమే అయింది. మల్ల రాలే, గోలి వేడికి ఎనుకకు పోయిందేమో అనుకున్న" అన్నది. అప్పటికి శివరాత్రి దాటింది. కిట్ ఇచ్చి పంపిన. తెల్లారి రెండు గీతలు. ఆ మరకల నుంచి లెక్కేసుకుని ఎనిమిది వారాలే అన్న ధైర్యంతో ఆస్పత్రికి పోయింది. స్కాన్‌లో పదకొండు వచ్చింది. డాక్టర్ చూసి గోలీలతో అబార్షన్ చేసేది తొమ్మిది వారాల లోపే. ఆ గడువు ఆమె గ్యాస్ గోలీలు మింగుతుండగానే దాటిపోయింది. ఆ మొదటి రోజే నేను డేట్ అడిగి ఉంటే బాగుండు అని ఇప్పటికీ అనిపిస్తది.

అందుకే లక్షణాలు పక్కనపెట్టి తేదీలు లెక్కపెట్టమంట. గోలి తర్వాత డేట్ వారం ముందు రావొచ్చు, వారం వెనక్కి పోవచ్చు. అనుకున్న తేదీకి వారం దాటినా రాకపోతే టెస్ట్ చేయాలె. వచ్చినా ఎప్పటికంటే తక్కువగా అయితే, అప్పుడూ టెస్టే. డేట్లు సక్రమంగా రానివాళ్లు కలిసిన రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టుకుని చేసుకుంటే ఫలితాన్ని నమ్మొచ్చు.

ఇక రెండో రకం, గాబరా పడేవాళ్లు. మొన్న ఒక పిల్ల గోలి వేసుకున్న నాలుగో రోజుకే నాలుగు కిట్లు అడిగింది. మూడు రాత్రుల నుంచి నిద్ర లేదట. "వాంతికి అచ్చినట్టు అయితుందక్కా, ఛాతీ సలుపుతుంది, కండ్లు తిరుగుతున్నయ్, ప్రెగ్నెన్సీయేనా?" ఆ వాంతి, ఆ సలుపు గోలివి బిడ్డా. ఫలదీకరణ జరిగినా పిండం గర్భసంచికి అంటుకోవడానికే ఆరు నుంచి పన్నెండు రోజులు పడతది. కిట్ పట్టుకునే గర్భం హార్మోన్ హెచ్‌సీజీ పుట్టేది ఆ తర్వాతనే. నాలుగో రోజు నాలుగు కాదు, నలభై కిట్లు కొన్నా ఒకే గీత చూపిస్తయ్. ఒక్క కిట్ ఇచ్చి, టెస్ట్ చేయాల్సిన తేదీని కవర్ మీద పెన్నుతో రాసి, అప్పటిదాకా విప్పొద్దని చెప్పిన.

వేవిళ్లు సాధారణంగా ఐదో ఆరో వారంలో మొదలైతయ్. వారాలు లెక్కపెట్టేది చివరి డేట్ మొదటి రోజు నుంచి, కాబట్టి నెల తప్పినంక అన్నట్టే. ఛాతీ నొప్పి, నీరసం, మాటిమాటికి మూత్రం, పొత్తికడుపులో గుంజుడు ఇవన్నీ డేట్ వచ్చే ముందు కూడా ఉంటయ్. ముఖం చూసి చెప్తమనే పెద్దవాళ్లుంటరు. మా అత్తమ్మ వాళ్లలో ఒకరు. నాకు వాంతులైతుంటే వీధంతా చెప్పుకుని చింతకాయ తొక్కు, మామిడికాయలు తెచ్చిపెట్టింది. వారానికి కండ్లు పచ్చబడ్డయ్. కామెర్లు.

కిట్ సంగతి రెండు ముక్కల్లో. పొద్దుటి మొదటి మూత్రం మంచిది. ఐదు నిమిషాల్లో చూడాలె. కిట్ మీద టి (టెస్ట్) అని ఉన్న దగ్గర గీత పలుచగా కనబడినా గీతే. గంట తర్వాత చెత్తబుట్టలోంచి తీసి చూసిన గీత లెక్కలోకి రాదు.

మిగతావి గబగబ చెప్తా. 72 గంటలున్నయని మూడో రోజు దాకా ఆగొద్దు, ఎంత ముందు వేసుకుంటే అంత మేలు. వేసుకున్న రెండు గంటల్లోపు వాంతయితే ఇంకో గోలి వేసుకోవాలె. ఒక గోలి నెలంతా కాపాడదు, తెల్లారి మళ్లీ కలిస్తే ఆ కలయికకు రక్షణ లేదు. ఇది అబార్షన్ గోలి కాదు. గర్భం నిలిస్తే దాన్ని తీసెయ్యదు, బిడ్డకు చెరుపూ చెయ్యదు. అబార్షన్ కిట్ వేరే, డాక్టర్ చీటీ లేకుండ ఇచ్చేది కాదు. పేర్లు దగ్గరదగ్గరగా ఉండబట్టి ఫ్రెండ్ కోసమని వచ్చిన పిలగాండ్లు ఒకటి అడగబోయి ఇంకోటి అడుగుతరు. "ఎన్ని రోజులైంది?" అంటే బయటికిపోయి ఫోన్ చేసుకొస్తరు. ఈ గోలి వేసుకుంటే ఇక పిల్లలు పుట్టరనేది ఒట్టి పుకారు. బొప్పాయి, నువ్వులు-బెల్లం తింటే గర్భం పోతదంటరు, అవి తినడానికి బాగుంటయ్, అంతే.

టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఫెనిటాయిన్, కార్బమాజెపిన్ వాడేవాళ్లు మాత్రం ఆ సంగతి దాచొద్దు, గోలి సరిగ్గా పనిచేయకపోవచ్చు. వాళ్లకూ, ఆలస్యమైనవాళ్లకూ అన్నింటికంటే గట్టిది కాపర్-టి. కలిసిన ఐదు రోజుల్లోపు వేయించుకోవాలె. వరంగల్ సీకేఎం ఆస్పత్రికైనా, హన్మకొండ జీఎంహెచ్ (సర్కారు ప్రసూతి ఆస్పత్రి)కైనా పోండి. నాకు అమ్మకం పోయినా ఫరవాలేదు. ఊర్లలో ఆశా అక్క దగ్గర కూడా ఎమర్జెన్సీ గోలి, టెస్ట్ కిట్ ఉంటయ్. పెండ్లి కాలేదని ఆస్పత్రి మెట్లెక్కడానికి జంకేవాళ్లు ఒకటి తెలుసుకోవాలె: 2021 సవరణ తర్వాత అబార్షన్ చట్టంలో పెండ్లి షరతు లేదు, పేరు బయటపెట్టడం నేరం.

టెస్ట్ పాజిటివ్ వచ్చినా, గోలి వేసుకున్నంక డేట్ తప్పినా, పొత్తికడుపులో ఒకే పక్కన పోటు, కండ్లు తిరుగుడు, భుజం చివర నొప్పి వస్తే, మరకలు ఉన్నా లేకున్నా, గర్భం ట్యూబులో నిలిచి ఉండొచ్చు. ఆ నొప్పికి నా దగ్గర పెయిన్‌కిల్లర్ అడగొద్దు, ఇయ్య. 108కి ఫోన్ కొట్టండి.