శుభలేఖ మీద ముళ్ల అక్షరాలు

విజయనగరంలో పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే డీటీపీ షాపులో వినపడే మాట ఇది: “బాబూ, ఆ కత్తుల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు పెట్టు.” గోతిక్ అన్న పేరు ఎవరి నోటా రాదు. వధూవరుల పొడి అక్షరాలు, మధ్యలో ‘వెడ్స్’ ఆ ముళ్ల అక్షరాల్లో పడతాయి. దాని కిందే గుండ్రటి తెలుగు. చుట్టరికం కుదరని ఇద్దర్ని ఒకే బంతిలో కూర్చోబెట్టినట్టుంటుంది.

కుదరకపోవడానికి కారణం పాతది. 12వ శతాబ్దం నాటికి ఐరోపా లేఖకులు వెడల్పు పాళీతో, తోలు మీద చోటు కలిసొచ్చేలా, అక్షరాలను సన్నగా ఇరికించి రాయడం మొదలెట్టారు. కిందికి లాగితే మందం, పాళీ వాలు వెంట జారిస్తే వెంట్రుకంత సన్నం. అక్షరానికి ఆ కోణాలు పాళీ ఇచ్చినవే. ఇటలీ పండితులకు అది మోటుగా కనిపించి ‘గోతిక్’ అన్నారు, అనాగరికులదని ఎత్తిపొడుపు. 1455 ప్రాంతంలో మైంజ్‌లో గూటెన్‌బర్గ్ బైబిల్ అచ్చు వేసింది ఆ చేతిరాతను లోహంలో పోతపోసే. జర్మనీ దాన్ని తన జాతి అక్షరమని నెత్తిన పెట్టుకుంది. చివరికి 1941లో నాజీలే అవి యూదుల అక్షరాలంటూ ఆపేశారు. ఇంతకంటే విడ్డూరం ఉంటుందా?

కంప్యూటర్లో ‘సెంచురీ గోతిక్’ అనే ఫాంటు తెరిచి ముళ్లేవని వెతికేవాళ్లున్నారు. ఉండవు. తోకల్లేని సాదా అక్షరాలకు కూడా అమెరికా అచ్చువాళ్లు గోతిక్ అనే పేరు పెట్టేశారు. మనవాళ్లడిగేది ‘ఓల్డ్ ఇంగ్లీష్ టెక్స్ట్’, లేదా ఆ పాత శైలినే తేలిక చేసిన ‘పిరాటా వన్’ లాంటివి.

మన అక్షరం పెరిగింది తాటాకు మీద. గంటంతో ఈనె వెంట గీత లాగితే ఆకు చీలుతుంది, గుండ్రదనం అందుకే అంటారు. గంటానికి మందం, సన్నం తేడా కూడా తెలీదు. అలాంటి ‘క’కి ముళ్లు అతికిస్తే తలకట్టు విరిగినట్టుంటుంది తప్ప గోతిక్ అవదు. పలక బ్రష్‌తో బోర్డులు రాసే పెయింటర్ల చేతిలోనే ఆ మందం, సన్నం కాస్త పలికేవి. ఫ్లెక్సీ వచ్చి ఆ చేతికి పని తగ్గించింది.

ఈ మోజులో నేనూ పడ్డాను. మా ఇంటి పెళ్లికి ఇంటిపేరు మొత్తం గోతిక్ పెద్దక్షరాల్లో వేయించాను. శ్రీకాకుళం జిల్లా పాతపట్నం నుంచి మావయ్య ఫోను: “ఇదేటిరా, బీయా, వీయా?” జర్మన్ గోతిక్‌లో ఆ రెండూ కవలపిల్లలే. పైగా ఆ పెద్దక్షరాలు మాట మొదట్లో ఒక్కటిగా నిలబడ్డానికి పుట్టాయి. వరసగా పేర్చితే ముళ్లకంపే. పొడి అక్షరాలకో, బైక్ స్టిక్కర్‌కో, జిమ్ బోర్డుకో సరే. ముహూర్తం, కల్యాణమండపం అడ్రసు అందులో వేస్తే భోజనాల వేళకి కూడా చుట్టాలు చేరరు.

కార్డు మళ్లీ వేయించాం. ఈసారి గోతిక్ రెండక్షరాలకే. తెలుగుకి సిలికానాంధ్ర (అమెరికా తెలుగువాళ్ల సంస్థ) వాళ్లు ఉచితంగా ఇచ్చిన ఫాంట్లలో ‘గిడుగు’, ‘గురజాడ’ రెండూ తెర మీద పెట్టించి చూశాను. ఒకటి శ్రీకాకుళంవాళ్ల పేరు, ఇంకోటి మా ఊరివాళ్లది. మావయ్య ముఖం చూసి గిడుగుకే ఓటేశాను.